మా చిన్న కమ్యూన్‌ని పక్క ఊళ్లో కలిపేస్తున్నారు: మాకు ఏం మారుతుంది?

మీరు అడిగింది ఇది. పశ్చిమ ఫ్రాన్స్‌లో మూడు వందల మంది ఉండే పల్లెలో మూడేళ్ల కిందట ఇల్లు కొనుక్కున్నారు. మీ కమ్యూన్‌ని, అంటే సొంత కౌన్సిల్ ఉన్న ఊరిని, పక్కనున్న పెద్ద ఊళ్లో కలిపే ఆలోచన ఉందని మేరీ గోడ మీద నోటీసు అంటించారు. అడ్రసు మారుతుందా, ఇంటి పన్ను పెరుగుతుందా, బాబు చదివే బడి ఉంటుందా, భారత పాస్‌పోర్టు ఉన్న మనం ఇందులో నోరు విప్పే వీలుందా? మేరీ అంటే తెలియనివాళ్ల కోసం: అది ఊరి కార్యాలయం, మన పంచాయతీ ఆఫీసు లాంటిది. మేర్ అంటే సర్పంచ్ అనుకోండి.

నేను నార్మండీలో ఒక చిన్న ఊరి మేరీలో పదకొండేళ్లు సెక్రటరీగా పనిచేశాను. జనాభా 340. 2016 జనవరి 1న మా ఊరితో కలిపి ఏడు ఊళ్లు ఒకే కమ్యూన్ అయ్యాయి. ఆ కాగితాలన్నీ నా చేతుల మీదుగానే వెళ్లాయి. ఊరి పేరు చెప్పను, అక్కడివాళ్లు ఇప్పటికీ నాకు ఇరుగుపొరుగే.

అన్నిటికంటే ముందు ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరూ సమయానికి చెప్పరు. విలీనం జరిగిన జనవరి ఒకటిన మీకు దాదాపు ఏ తేడా తెలియదు. అదే మేరీ, అదే మేర్, అదే సెక్రటరీ. అసలు మార్పు ఆ తర్వాత వచ్చే మునిసిపల్ ఎన్నికల్లో వస్తుంది. అప్పటికి అందరూ "ఏమీ కాలేదు కదా" అని నిశ్చింతగా ఉంటారు. అడగాల్సినవన్నీ ఇప్పుడు, కౌన్సిల్ తీర్మానం చేయకముందే అడగాలి.

మా లెక్కే చూడండి. ఏడు ఊళ్లలో మూడింటికి పదకొండు మంది చొప్పున కౌన్సిలర్లు, మూడింటికి పదిహేను మంది చొప్పున, పెద్ద ఊరికి పందొమ్మిది మంది. మొత్తం 97 మంది. విలీనమయ్యాక మొదటి ఎన్నికల దాకా పాత కౌన్సిలర్లందరూ కొనసాగవచ్చని చట్టం చెబుతుంది, మావాళ్లు అలాగే చేశారు. సమావేశానికి హాల్లో కుర్చీలు చాలక పక్క ఊరి సాల్ దె ఫెత్ (ఊరి ఫంక్షన్ హాలు) నుంచి తెప్పించుకున్నాం. 2020 ఎన్నికల్లో ఆ 97 సీట్లు 33 అయ్యాయి. ఎన్నికలు గడిచేకొద్దీ ఇది మామూలు లెక్కకు దిగుతుంది. మా జనాభాకు మామూలు లెక్క 27. పదకొండు మంది ఉన్న మా ఊరికి 2020లో మిగిలింది ఇద్దరు. ఎన్నిక విడివిడి అభ్యర్థులతో కాక జాబితాల మీద జరుగుతుంది కాబట్టి, ఏ ఊరివాళ్లను ఏ స్థానంలో పెట్టాలో జాబితా తయారు చేసినవాళ్లే నిర్ణయిస్తారు. ప్రతి ఊరికీ ఒక్క సీటైనా ఉండి తీరాలన్న హామీ ఎక్కడా లేదు.

మేర్ సంగతీ అంతే. కలిసిన ప్రతి ఊరూ "కమ్యూన్ దెలెగే", అంటే కొత్త కమ్యూన్ లోపల ఉప-కమ్యూన్ లాంటిది అవుతుంది, ఇప్పుడున్న మేర్ ఆ ఊరికి "మేర్ దెలెగే"గా ఉంటారు. పెళ్లిళ్లు చేయించడం, జనన మరణాల రిజిస్టరులో సంతకం పెట్టడం లాంటి అధికారాలు ఆయన దగ్గరే ఉంటాయి. మీ ఊరి మేరీ "మేరీ అనెక్స్"గా, అంటే శాఖ కార్యాలయంగా కొనసాగుతుంది. అయితే బడ్జెట్ మాత్రం ఒక్కటే, దాన్ని పెద్ద కౌన్సిల్ ఓటు వేసి ఖాయం చేస్తుంది. మొదటి ఎన్నికలయ్యాక మేర్ దెలెగేని కూడా ఆ పెద్ద కౌన్సిలే ఎన్నుకుంటుంది. ఇంకా ముందుకు వెళ్లి, కమ్యూన్ దెలెగేలనే రద్దు చేస్తూ తీర్మానం చేయవచ్చు.

అసలు ఈ విలీనాలు ఎందుకు అని మీ భార్యగారు అడిగారని రాశారు. న్యాయమైన ప్రశ్న. ఫ్రాన్స్‌లో కమ్యూన్ అంటే పల్లెకైనా పట్నానికైనా ఒకటే పేరు, ఒకటే చట్టం. 1789 డిసెంబరు 14 చట్టంతో ఇవి పుట్టాయి. అప్పటిదాకా చర్చి చుట్టూ ఉన్న పారిష్‌లే చాలావరకు కమ్యూన్లయ్యాయి. అందుకే ఇంత చిన్నవి, ఇన్ని ఉన్నాయి. తెలుగువాళ్లకు ఇది మరీ దూరపు సంగతి కూడా కాదు: ఫ్రెంచ్ ఇండియాలో 1880 మార్చి 12 డిక్రీతో కమ్యూన్లు ఏర్పడినప్పుడు యానాం కూడా ఒక కమ్యూన్ అయింది, ఫ్రెంచ్ పాలన ముగిసిన 1954 దాకా అక్కడ మేర్ ఉండేవారు.

2015 జనవరి 1 నాటికి ఫ్రాన్స్‌లో 36,658 కమ్యూన్లు. ఏడాది తిరిగేసరికి 35,885. 2025 జనవరి 1 నాటికి 34,875. ఇంతకుముందు 1971లో హోం మంత్రి రేమోఁ మార్సెలాఁ పేరు మీద వచ్చిన చట్టంతో ఒకసారి ప్రయత్నించారు. వెయ్యికి పైగా కమ్యూన్లు తగ్గాయి గాని, అనుకున్న స్థాయిలో నడవలేదు, కలిసిన ఊళ్లు కొన్ని తర్వాత విడిపోయాయి కూడా. 2010 డిసెంబరు చట్టం "కమ్యూన్ నూవెల్" అంటే కొత్త కమ్యూన్ అనే పద్ధతి తెచ్చింది. దానికి ఊపు ఇచ్చింది మాత్రం 2015 మార్చి 16 చట్టం. అప్పటికి ప్రభుత్వం కమ్యూన్లకు ఇచ్చే గ్రాంటులో కోత పెడుతోంది. కలిసిన వాళ్లకు మూడేళ్ల పాటు ఆ కోత ఉండదని, 1,000 నుంచి 10,000 మంది మధ్య ఉండే కొత్త కమ్యూన్లకు పైగా 5 శాతం ఎక్కువ ఇస్తామని చెప్పారు. దాంతో 2016లో వరదలా కలిశాయి. కాల్వడోస్‌లో లివారో చీజు పుట్టిన ఊరు చుట్టూ 22 కమ్యూన్లు కలిసి లివారో-పేయి-దోజ్ అయ్యాయి. అదే జిల్లాలో 20 కమ్యూన్లు కలిసి సులవ్రాఁ బొకాజ్ అయ్యాయి.

డబ్బు ఒక్కటే కారణం కాదు, అది నేను దగ్గరగా చూశాను. మా మేర్ రైతు, అప్పటికి డెబ్బై దాటారు. తెల్లవారుజామున పాలు పితికి, పదింటికి మేరీకి వచ్చి, మట్టి అంటిన చేతులు తుడుచుకుని సంతకాలు పెట్టేవారు. చర్చి పైకప్పు కారుతోంది, టెండరు పిలవాలి, ఫైలు తయారు చేయాలి. నేను వారానికి రెండు పూటలే వచ్చేదాన్ని. తర్వాతి ఎన్నికలకు నిలబడేవాళ్లు లేరు. ఆయన విలీనానికి ఒప్పుకున్నది గ్రాంటు కోసం కాదు, అలసిపోయి. మీ ఊళ్లో కూడా మేర్‌ని తప్పు పట్టే ముందు ఆయన రోజు ఎలా గడుస్తుందో ఒకసారి చూడండి.

2015 డిసెంబరు 31 సాయంత్రం నాకు బాగా గుర్తు. ప్రతి ఏడాదీ ఆ రోజున జనన, వివాహ, మరణాల రిజిస్టరు మూసేయాలి. చివరి నమోదు కింద గీత గీసి, ఇక్కడితో ముగిసింది అని రాసి, మేర్ సంతకం పెట్టి ముద్ర వేస్తారు. ఒక ప్రతి మేరీలో ఉంటుంది, ఇంకొకటి కోర్టుకు పంపుతారు. ఆ ఏడాది రెండు పెళ్లిళ్లు, నాలుగు మరణాలు. పిల్లలు ఎప్పుడూ పట్నం ఆసుపత్రిలోనే పుడతారు కాబట్టి జననాల దగ్గర "లేవు" అని రాసుకున్నాం. మామూలుగా అర నిమిషం పని. ఆ రోజు ఆయన పెన్ను మూత తీసి, మూసి, మళ్లీ తీశారు. ముద్ర వేశాక రబ్బరు స్టాంపు వెనక్కి తిప్పి, దాని మీది ఊరి పేరును బొటనవేలితో తడిమారు. ఆ స్టాంపు మరుసటి రోజు నుంచి చెల్లదు. బీరువాలో పెట్టమన్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక మీ ప్రశ్నలు. అడ్రసు ముందు చెబుతాను, ఎక్కువ చిక్కులు వచ్చేది అక్కడే. పోస్టల్ కోడ్ సాధారణంగా అదే ఉంటుంది. చివరి వరుసలో కోడ్ పక్కన కొత్త కమ్యూన్ పేరు, దాని పై వరుసలో మీ ఊరి పాత పేరు రాస్తారు. ఆ పాత పేరు వరుసను ఎప్పుడూ వదిలేయకండి. ఎందుకో చెబుతాను. మా ఏడు ఊళ్లలోనూ "రూ ద లెగ్లీజ్", అంటే చర్చి వీధి ఉంది. ఐదింట్లో "గ్రాంద్ రూ", అంటే పెద్ద వీధి ఉంది. విలీనమైన మొదటి చలికాలంలో, రోజూ ఇంటికొచ్చి ఇన్సులిన్ ఇచ్చే నర్సు సెలవులో ఉంటే బదులుగా వచ్చిన అమ్మాయి ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో చర్చి వీధిలో అదే నంబరు తలుపు కొట్టింది. అక్కడ ఉన్నది కూడా ఒక ముసలావిడే కావడంతో తేల్చుకోవడానికి ఇంకో పావుగంట పట్టింది. ఇక్కడ పెద్దావిడ భోజనం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ సంగతి తెలిశాకే వీధుల పేర్లు మార్చే కమిటీ వేశారు.

ఆ పేర్లు మార్చడం రెండేళ్లు పట్టింది. ఏ ఊరి చర్చి వీధి ఆ పేరు నిలుపుకోవాలన్న దాని మీద మాట పట్టింపులు వచ్చాయి. చివరికి ఎక్కువ ఇళ్లున్న వీధికి వదిలేసి, మిగతా వాటికి పాత పొలాల పేర్లు, బావుల పేర్లు పెట్టారు. 2022 ఫిబ్రవరి చట్టం తర్వాత చిన్న కమ్యూన్లు కూడా ప్రతి దారికీ పేరు పెట్టాల్సిందే కాబట్టి, మీ దగ్గర ఈ పని ఎలాగూ వస్తుంది. మీరు ఆ కమిటీ సమావేశాలకు వెళ్లండి. పేరు మారితే మేరీ సర్టిఫికెట్ ఇస్తుంది, బ్యాంకుకు, కరెంటుకు, ఇంటర్నెట్‌కు దాన్ని పంపితే సరిపోతుంది. పుట్టిన ఊరు మాత్రం ఎప్పటికీ మారదు: పాత కమ్యూన్‌లో పుట్టినవాళ్ల కాగితాల్లో ఆ పాత పేరే ఉంటుంది.

ఇంటి పన్ను గురించి టెన్షన్ పడుతున్నారు. రెండు కమ్యూన్ల రేట్లు వేరుగా ఉంటే, వాటిని ఒక సగటు రేటుకు తెస్తారు. కావాలనుకుంటే దాన్ని 12 ఏళ్ల దాకా కొంచెం కొంచెంగా సర్దవచ్చు. ఉదాహరణకు మీ ఊరి రేటు 30 శాతం, తేలిన సగటు 36 శాతం అనుకుందాం. తేడా ఆరు పాయింట్లు, పన్నెండేళ్లలో సర్దితే ఏడాదికి అర పాయింటు. మీ ఇంటి అద్దె విలువ ప్రభుత్వ లెక్కలో 3,000 యూరోలైతే, పన్ను వేసేది అందులో సగం మీద, అంటే 1,500 మీద. అర పాయింటు అంటే ఏడాదికి ఏడున్నర యూరోలు పెరుగుతుంది. పన్నెండో ఏటికి మొత్తం తేడా 90 యూరోలు. అదే నెమ్మదిగా సర్దే తీర్మానం చేయకపోతే ఆ 90 ఒకేసారి పడుతుంది. కాబట్టి మీరు అడగాల్సిన మాట "పన్ను పెరుగుతుందా" అని కాదు, "ఎన్నేళ్లలో సర్దుతారు" అని. చెత్తకు కట్టేది వేరే లెక్క. చెత్త సేకరణ చూసేది కమ్యునోతె ద కమ్యూన్, అంటే కమ్యూన్ల సమాఖ్య. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుని తికమకపడతారు. సమాఖ్యలో మీ కమ్యూన్ విడిగా బతికే ఉంటుంది. విలీనంలో చట్టరీత్యా ఉండదు.

బడి గురించి జాగ్రత్తగా వినండి. విలీనం జరిగిందని బడి మూతపడదు. తరగతులు ఉంచడం, తీసేయడం విద్యాశాఖ చేతిలో ఉంటుంది. బడి భవనం మాత్రం కమ్యూన్‌ది. ఇప్పుడు మీ కమ్యూన్‌కి ఒకే బడి ఉంది, దాన్ని కాపాడుకోవడమే మీ మేర్ పని. కలిశాక ఆ కమ్యూన్‌కి మూడో నాలుగో బళ్లు ఉంటాయి. పిల్లలు తగ్గినప్పుడు వాటిలో దేన్ని ఉంచాలో కొత్త కౌన్సిల్ తేల్చుకుంటుంది. 2019లో అధ్యక్షుడు మాక్రోఁ, ఆ పదవీకాలం ముగిసే 2022 దాకా మేర్ ఒప్పుకోకుండా పల్లె బడి మూసేది లేదని మాట ఇచ్చారు. విలీనమయ్యాక అలాంటప్పుడు అడిగేది మీ ఊరాయన్ని కాదు, కొత్త కమ్యూన్ మేర్‌ని. మా ఏడు ఊళ్లలో ఒక బడి అలాగే పోయింది. ఆ ఊరివాళ్లు ధర్నా చేసేసరికి ఆలస్యమైపోయింది, అప్పటికి కౌన్సిల్లో వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు ఒక్కరే.

శ్మశానం, నవంబరు 11న యుద్ధ స్మారకం దగ్గర పూలు పెట్టడం, ఊరి పండుగ కమిటీ, ఇవన్నీ మాకు మారలేదు. మేర్ దెలెగే తన రంగుల పట్టీ వేసుకుని స్మారకం ముందు నిలబడి చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. ఈ దేశంలో ఆ పేర్ల విలువ ఎంతో తెలియాలంటే వెర్దాఁ దగ్గరికి ఒకసారి వెళ్లండి. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమై ఈనాటికీ ఒక్క మనిషి కూడా ఉండని ఆరు ఊళ్లను కమ్యూన్లుగానే ఉంచారు, వాటికి ప్రెఫె, అంటే మన కలెక్టర్ లాంటి అధికారి, మేర్ బాధ్యతలు చూసేవారిని నియమిస్తారు. అదే యుద్ధంలో ధ్వంసమైన దువోమోఁ మాత్రం 2019లో పక్క ఊరు వోతో కలిసి దువోమోఁ-వో అయింది.

మీ కమ్యూన్ ఇంకో జిల్లా సరిహద్దున ఉందని రాశారు కాబట్టి ఫ్రెన్యే సంగతి కూడా తెలుసుకోండి. అది మెన్-ఎ-ల్వార్ జిల్లాలోని ఊరు. 2018 జనవరి 1న సరిహద్దు అవతల, ల్వార్-అట్లాంటిక్‌లో ఉన్న ఊళ్లతో కలిసి వాలోఁ-ద-లెర్ద్ర్ అనే కొత్త కమ్యూన్‌లో చేరింది. అంటే ఆ ఊరికి జిల్లాయే కాదు, ప్రెఫెక్చర్ (ప్రెఫె కార్యాలయం), జిల్లా కౌన్సిల్ అన్నీ మారిపోయాయి. ఇలాంటి దానికి ప్రెఫె ఉత్తర్వు చాలదు, పారిస్ నుంచి డిక్రీ రావాలి. అదే రోజు పోఁ-ఫార్సీ అనే ఊరు కూడా కాల్వడోస్ నుంచి మాంష్ జిల్లాకు మారింది. మీ నివాస అనుమతి కార్డు రెన్యూ చేయించుకోవడానికి మీరు వెళ్లేది ప్రెఫెక్చర్‌కే కాబట్టి, మీ విలీనం జిల్లా దాటుతుందా లేదా అనేది మొదట కనుక్కోండి.

"నచ్చకపోతే తర్వాత విడిపోవచ్చు" అని ఎవరైనా అంటే నమ్మకండి. విడిపోవాలంటే ఆ భాగంలోని ఓటర్లలో మూడో వంతు మంది సంతకాలతో అర్జీ పెట్టాలి, బహిరంగ విచారణ జరగాలి, ఆపైన ప్రెఫె నిర్ణయం. విడిపోయినవి నాకు తెలిసినంతలో చాలావరకు కోర్టు ద్వారానే. రువాఁ నగరం పక్కన బ్వా-గియోమ్, బియోరెల్ 2012లో కలిశాయి, కోర్టు కొట్టేయడంతో 2013 చివర విడిపోయాయి. కాల్వడోస్‌లో త్రోఆర్న్, సానర్‌విల్ 2017లో సాలీన్ అనే పేరుతో కలిసి, కోర్టు తీర్పుతో 2019 డిసెంబరు 31న మళ్లీ వేరయ్యాయి. మూడేళ్ల పాటు కలిపి రాసిన లెక్కలను మళ్లీ రెండుగా చీల్చడం అక్కడి సిబ్బందికి ఎంత పని అయి ఉంటుందో ఊహించగలను.

మీరేం చేయగలరు? భారత పాస్‌పోర్టు ఉంటే మునిసిపల్ ఎన్నికల్లోనూ, విలీనం మీద ఓటింగ్ పెట్టినా అందులోనూ ఓటు లేదు. ఆ ఓటింగ్ కూడా అన్ని సందర్భాల్లో ఉండదు: కలవబోయే కౌన్సిళ్లన్నీ ఒప్పుకుంటే ప్రజల ఓటు అడగకుండానే అయిపోతుంది. కానీ కౌన్సిల్ సమావేశాలు బహిరంగం, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. తీర్మానానికి కనీసం పదిహేను రోజుల ముందు రెండు కమ్యూన్ల పన్ను రేట్లు, అప్పులు, వాటిని తీర్చే గడువులు, సిబ్బంది సంఖ్య చూపే ఆర్థిక నివేదికను మేరీలో అంటించాలి, వెబ్‌సైట్ ఉంటే అందులోనూ పెట్టాలి. అది ఫొటో తీసి పెట్టుకోండి. అప్పు ఎవరిది ఎక్కువ ఉందో ముందు చూడండి, ఎందుకంటే కలిశాక అది అందరిదీ.

ఆ తర్వాత ఊరివాళ్లను ఇద్దరు ముగ్గురిని కూడగట్టుకుని మేర్ దగ్గరికి వెళ్లండి. కలిసే ఊళ్లు సాధారణంగా "షార్త్" అనే ఒప్పంద పత్రం రాసుకుంటాయి. అది కోర్టులో నిలబడే కాగితం కాదు, అయినా మావాళ్లు రాయించుకున్న నాలుగు వాక్యాలు ఏళ్ల తరబడి మా ఊరికి అండగా నిలిచాయి, ఎందుకంటే ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు దాన్ని తీసి చదివేవారు. మేరీ అనెక్స్ వారానికి ఇన్ని గంటలు తెరిచి ఉంటుందని గంటలతో సహా రాయించండి. జాబితాల్లో ప్రతి ఊరివాళ్లకూ గెలిచే స్థానం ఇస్తామని రాయించండి. పన్ను సర్దడానికి పన్నెండేళ్లు తీసుకుంటామని రాయించండి. బడి గురించి "ప్రయత్నిస్తాం" అనే మాట వస్తే ఒప్పుకోకండి, ఎంతమంది పిల్లలు ఉన్నంత వరకు మూయరో అంకె అడగండి.

వెళ్లినప్పుడు ఫ్రెంచ్ తడబడినా పర్వాలేదు. మా ఊళ్లో నేను మొదటిసారి కౌన్సిల్లో మాట్లాడినప్పుడు అందరూ ఓపికగా విన్నారు. మూడు వందల మంది ఉన్న ఊళ్లో కొత్తగా ఇల్లు కొని, పిల్లాడిని అదే బడికి పంపుతున్న కుటుంబం మాట మేర్‌కి చాలా బరువుగా వినిపిస్తుంది. మీ నోటీసు ఫొటో, ఆర్థిక నివేదిక ఇక్కడ పెడితే, అప్పుల పట్టికలో ఏ వరుస చూడాలో చెబుతాను.